ఒక్క ‘కూడా’కు ఇంగ్లిష్‌లో ఎన్ని మాటలో: ఆల్సో నుంచి మోరోవర్ దాకా, ఏది ఎక్కడ వాడాలి

మా అక్క కూతురు అమెరికాలో ఎంఎస్‌కు అప్లై చేస్తూ తన ఎస్‌ఓపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటోందో యూనివర్సిటీకి చెప్పే వ్యాసం, నాకు పంపింది. ‘పిన్నీ, గ్రామర్ ఒక్కటి చూసిపెట్టు చాలు’ అని కింద రాసింది. గ్రామర్ బాగానే ఉంది. కానీ రెండు పేజీల్లో మోరోవర్ ఏడుసార్లు, ఇన్ అడిషన్ ఐదుసార్లు, ఫర్దర్‌మోర్ నాలుగుసార్లు ఉన్నాయి. ఆ పదహారింటిలో పదమూడు కొట్టేసి పంపాను. వెంటనే ఫోన్. ‘అవన్నీ తీసేస్తే చిన్నపిల్ల రాసినట్టుంటుంది కదా పిన్నీ!’

ఆ రాత్రి గంటసేపు తనకు చెప్పిందే ఇక్కడ కాస్త వరుసలో పెడుతున్నాను. ‘కూడా’ అనడానికి తెలుగులో మనకు ఏ ఇబ్బందీ లేదు. దేన్ని చేర్చాలో ఆ మాట వెనకే ‘కూడా’ తగిలిస్తాం, లేదంటే చివరి అచ్చును సాగదీస్తాం: నేనూ వస్తా, పప్పూ వేయి. వ్యాకరణంలో దీన్ని సముచ్చయం అంటారు. ఇంగ్లిష్ ఇదే పనిని బోలెడు మాటలకు పంచింది. ఒకటి వాక్యం మధ్యలో కూర్చుంటుంది, ఒకటి చివర్లో, ఇంకోటి లేదు-కాదు అన్నచోట మాత్రమే వస్తుంది, మరొకటి వాదనలోనే అతుకుతుంది.

ఇంగ్లిష్ వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాశాను. వాటిని పైకి చదవండి. ఈ తేడాల్లో సగం చెవికే తెలుస్తాయి.

మొదటి మెట్టు: తెలుగులో ‘కూడా’ దేని వెనక ఉందో చూడండి

ఈ వాక్యం తీసుకోండి: నిన్న నేను వరంగల్‌లో బిర్యానీ తిన్నాను. ఇందులో ‘కూడా’ను ఒక్కో చోట పెట్టి చూడండి. ‘నిన్న నేను కూడా’ అంటే ఇంకెవరో తిన్నారు. ‘నిన్న కూడా’ అంటే మొన్నా తిన్నాను. ‘వరంగల్‌లో కూడా’ అంటే అంతకుముందు ఇంకో ఊళ్లో తిన్నాను. ‘బిర్యానీ కూడా’ అంటే ఇంకేదో తిని దాని మీద ఇదీ లాగించాను. ఒకే మాట, నాలుగు సంగతులు. వినేవాడికి ఎక్కడా అనుమానం రాదు.

ఇప్పుడు ఇంగ్లిష్: ఐ ఆల్సో హ్యాడ్ బిర్యానీ ఇన్ వరంగల్ ఎస్టర్‌డే. పై నాలుగు అర్థాలూ ఈ ఒక్క వాక్యంలో ఇరుక్కుని ఉన్నాయి. మాట్లాడేటప్పుడు ఫరవాలేదు, ఐ మీద ఒత్తితే ‘నేను కూడా’, వరంగల్ మీద ఒత్తితే ‘వరంగల్‌లో కూడా’. కాగితం మీద ఒత్తి పలకడం కుదరదు. ఆఫీసు మెయిళ్లలో గొడవంతా ఇక్కడే పుడుతుంది. ‘వీ ఆల్సో టెస్టెడ్ ది పేమెంట్ పేజ్’ అని రాస్తే, మీ టీమ్ కూడా పరీక్షించిందనా, పేమెంట్ పేజీని కూడా పరీక్షించారనా?

మందు తేలికే. దేనికి చేరుస్తున్నారో దాన్ని ముందు పేరు పెట్టి చెప్పేయండి. ‘వీ టెస్టెడ్ ది లాగిన్ పేజ్. వీ ఆల్సో టెస్టెడ్ ది పేమెంట్ పేజ్.’ మొదటి వాక్యం రెండోదానికి దారి చూపించేసింది. టీమ్ సంగతే చెప్పాలంటే ‘లైక్ ది చెన్నై టీమ్, వీ టెస్టెడ్ ది పేమెంట్ పేజ్’ అనండి, అప్పుడు ఆల్సో అవసరమే ఉండదు. ఆల్సో వాడకుండా బయటపడే దారి ఉందేమో ముందు చూడటం నాకు అలవాటైపోయింది.

రెండో మెట్టు: ఆల్సో, టూ, యాజ్ వెల్ ఎవరి కుర్చీ ఎక్కడ

మూడింటికీ అర్థం ఒకటే. తేడా కూర్చునే చోటులో, కట్టుకునే బట్టలో ఉంది.

ఆల్సో క్రియ ముందు కూర్చుంటుంది: షీ ఆల్సో టీచెస్ మ్యాథ్స్. క్రియ ఈజ్, ఆర్, వాజ్ లాంటిదైతే దాని తర్వాత: షీ ఈజ్ ఆల్సో ఎ సింగర్. క్యాన్, విల్, హ్యాజ్ లాంటి సహాయక క్రియ ఉంటే దానికీ అసలు క్రియకూ మధ్యన: షీ క్యాన్ ఆల్సో సింగ్. రాతలో మూడింటిలోకీ నమ్మకమైనది ఇదే. మనవాళ్లు దీన్ని వాక్యం చివరికి నెట్టేస్తారు: ‘హీ కేమ్ ఆల్సో’. మాటల్లో చెల్లిపోతుంది, రాతలో అతుకు కనిపిస్తుంది.

టూ, యాజ్ వెల్ వాక్యం చివర కూర్చుంటాయి. షీ టీచెస్ మ్యాథ్స్ టూ. షీ టీచెస్ మ్యాథ్స్ యాజ్ వెల్. బ్రిటన్‌లో యాజ్ వెల్ రోజువారీ మాటల్లో దొర్లుతూ ఉంటుంది. అమెరికాలో మాత్రం మాటల్లో టూ ఎక్కువ, యాజ్ వెల్ అంటే కాస్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టుంటుంది. పొట్టి జవాబుల్లో ఎక్కువగా నడిచేది టూ. ఎవరైనా ‘ఐ యామ్ హంగ్రీ’ అంటే ‘మీ టూ’ అనాలి. ‘మీ ఆల్సో’ అంటే అర్థమవుతుంది గానీ మనది ఏ ప్రాంతమో కూడా అర్థమైపోతుంది. ‘హ్యావ్ ఎ నైస్ డే’కు ‘యూ టూ’. ఇది నోటికి ఎంత అలవాటవుతుందంటే, హోటల్లో సర్వర్ ‘ఎంజాయ్ యువర్ మీల్’ అన్నా ‘యూ టూ’ అనేసి నాలుక కరుచుకున్న రోజులు నాకున్నాయి.

ఇక్కడో సరదా సంగతి. తెలుగులో అచ్చుకు దీర్ఘమిస్తే ‘కూడా’ అర్థం వస్తుందని చెప్పాను కదా. ఇంగ్లిష్ టూ పుట్టుకా దాదాపు అంతే. అది మొదట టు అనే మాటే. ఒత్తి పలికినప్పటి రూపం విడిపోయి, ఇంకో ఓ తగిలించుకుని, సొంత మాటగా స్థిరపడింది. టు, టూ స్పెల్లింగుల్లో తికమకపడేవాళ్లకు ఇంతకన్నా మంచి గుర్తు నేనివ్వలేను: కూడా అన్నప్పుడు దీర్ఘం.

అయితే టూకు రెండో ముఖం ఉంది. విశేషణం ముందు వస్తే అది ‘కూడా’ కాదు, ‘మరీ’. ‘ది టీ ఈజ్ హాట్ టూ’ అంటే టీ కూడా వేడిగా ఉంది. ‘ది టీ ఈజ్ టూ హాట్’ అంటే మరీ వేడి, తాగలేం. మనం మెచ్చుకోలుగా ‘యువర్ కుకింగ్ ఈజ్ టూ గుడ్’ అంటాం. మనలో మనకు అది పొగడ్తే. బయటివాళ్లకు మాత్రం ‘మరీ మంచిగా ఉంది, దానివల్ల ఏదో చిక్కొచ్చింది’ అన్న ఛాయ తగులుతుంది. అక్కడ వెరీ గుడ్, రియల్లీ గుడ్ అంటే సరి. మీరు చెప్పదలచుకున్నచోట తెలుగులో ‘మరీ’ పెట్టి చూసుకోండి. అతికితే టూ ముందుకు వస్తుంది.

మూడో మెట్టు: ‘లేదు, కాదు, తెలియదు’ వస్తే మాట మార్చండి

మనవాళ్ల ఇంగ్లిష్‌లో ఇన్నేళ్లలో నాకు ఎక్కువగా ఎదురైన తప్పు ఇదే. తెలుగులో ‘నాకు కూడా తెలుసు’, ‘నాకు కూడా తెలియదు’. కూడా కదలదు. ఇంగ్లిష్‌లో వాక్యం నెగెటివ్ అయిందంటే టూ దిగిపోయి ఈదర్ ఎక్కుతుంది. ఐ నో టూ. ఐ డోంట్ నో ఈదర్. పొట్టి జవాబు ‘మీ నైదర్’, లేకపోతే ‘నైదర్ డు ఐ’. ‘ఐ ఆల్సో డోంట్ నో’ అన్నది తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ చొక్కా తొడగడం.

ఆల్సోను నెగెటివ్‌లో అసలు వాడకూడదని కాదు. ఒకే మనిషి గురించి రెండో సంగతి చేరుస్తున్నప్పుడు చెల్లుతుంది. ‘హీ డజంట్ స్మోక్. హీ ఆల్సో డజంట్ డ్రింక్ కాఫీ.’ సిగరెట్ లేదు, పైగా కాఫీ కూడా లేదు. అదే మనిషి, కొత్త సంగతి. ఇంకొకరు తాగరు కాబట్టి ఇతనూ తాగడు అని మనిషికి మనిషిని కలపాలంటే మాత్రం ఈదర్ రావాల్సిందే.

ఈ మెట్టు మీదే ఈవెన్ కూడా కాలికి అడ్డం పడుతుంది. ‘ఈవెన్ ఐ వెంట్ దేర్’ అని మనం ‘నేను కూడా వెళ్లాను’ అనే అర్థంతో అంటాం. ఇంగ్లిష్ చెవికి అది ‘నేను సైతం వెళ్లాను’, అంటే నాలాంటివాడు వెళ్లడం ఎవరూ ఊహించరు, అయినా వెళ్లాను అని. తెలుగు ‘కూడా’ ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది, తికమకకు మూలం అదే. ‘చంటిపిల్లాడు కూడా చెప్పగలడు’లో ఉన్నది ఈవెన్, ‘మా చంటివాడు కూడా వస్తున్నాడు’లో ఉన్నది ఆల్సో. పరీక్ష సులువు. కూడా తీసేసి ‘సైతం’ పెట్టి చూడండి. వాక్యం ఆశ్చర్యపోతూ నిలబడితే ఈవెన్. ఉత్తినే బరువెక్కి ఎబ్బెట్టుగా ఉంటే టూ, ఆల్సో.

నాలుగో మెట్టు: ‘తో పాటు’, ‘కాకుండా’, ‘తప్ప’

మాటను మాటకు చేర్చేవి వేరే గుంపు: బిసైడ్స్, ఇన్ అడిషన్ టు, అపార్ట్ ఫ్రమ్, యాజ్ వెల్ యాజ్. వీటి పక్కనే ఎక్సెప్ట్ నక్కి ఉంటుంది. అది చేర్చదు, తీసేస్తుంది.

తెలుగులో ‘రాజు కాకుండా ముగ్గురు వచ్చారు’ అంటే మొత్తం నలుగురు. ‘రాజు తప్ప అందరూ వచ్చారు’ అంటే రాజు ఇంట్లోనే ఉన్నాడు. మొదటిది బిసైడ్స్, రెండోది ఎక్సెప్ట్. అపార్ట్ ఫ్రమ్ మాత్రం రెండు పడవల మీదా కాళ్లు పెడుతుంది, మన ‘పక్కన పెడితే’ లాగా. ‘అపార్ట్ ఫ్రమ్ రాజు, త్రీ పీపుల్ కేమ్’ అంటే రాజు వచ్చాడా రాలేదా? డబ్బూ మనుషుల లెక్కా ఉన్నచోట నేను అపార్ట్ ఫ్రమ్ ముట్టుకోను.

బిసైడ్స్‌లోని చివరి ఎస్‌ను మర్చిపోతే అర్థమే మారిపోతుంది. బిసైడ్ అంటే పక్కన. ‘షీ శాట్ బిసైడ్ మీ.’ బిసైడ్స్ అంటే కాకుండా, అదీగాక.

ఇన్ అడిషన్ తర్వాత టు ఉందా లేదా అన్నది ఇంకో గుర్తు. టు ఉంటే దాని వెనక నామవాచకం కావాలి, లేకపోతే క్రియకు ఇంగ్ తోక ఉండాలి: ఇన్ అడిషన్ టు టీచింగ్, షీ రైట్స్. ‘ఇన్ అడిషన్ టు టీచ్’ తప్పు. టు లేకపోతే కామా పెట్టి ముందుకు వెళ్లడమే: ఇన్ అడిషన్, షీ రైట్స్.

ఈ ఇన్ అడిషన్ టు అనే మాట కోర్టుల్లో ఎంత బరువు మోస్తుందో చూడండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 100లో ఇలా ఉంటుంది: ఈ చట్టంలోని నిబంధనలు అమల్లో ఉన్న ఇతర చట్టాలకు ‘ఇన్ అడిషన్ టు అండ్ నాట్ ఇన్ డెరొగేషన్ ఆఫ్’. అంటే వాటికి అదనమే తప్ప, వాటికి కోత పెట్టేది కాదు. ఇంకో చట్టం ఇచ్చిన హక్కును ఈ చట్టం మింగేయదన్నమాట. అదే చోట ‘ఇన్ లూ ఆఫ్’ అని ఉంటే ‘దానికి బదులు’ అయ్యేది, పాత హక్కు పోయేది. అద్దె ఒప్పందమో ఉద్యోగపు ఆఫర్ లెటరో చదివేటప్పుడు ఈ రెండు మాటల కోసం ప్రత్యేకంగా వెతకండి. బోనస్ జీతానికి ఇన్ అడిషన్ టు వస్తుందా, ఇంక్రిమెంట్‌కు ఇన్ లూ ఆఫ్ వస్తుందా అన్నది చిన్న తేడా కాదు.

యాజ్ వెల్ యాజ్ సంగతి పోటీ పరీక్షలు రాసేవాళ్లకు బాగా తెలుసు. ‘ది ప్రిన్సిపల్, యాజ్ వెల్ యాజ్ ది టీచర్స్, వాజ్ ప్రెజెంట్.’ వర్ కాదు, వాజ్. క్రియ మొదటి మాటనే చూస్తుంది. ఎందుకంటే ఇది అండ్ లాంటిది కాదు. అండ్ ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెడుతుంది. యాజ్ వెల్ యాజ్ మొదటివాళ్లను పీట మీద కూర్చోబెట్టి, రెండోవాళ్లను వెనక నిలబెడుతుంది. మన ‘టీచర్లతో పాటు ప్రిన్సిపల్ కూడా వచ్చారు’లోనూ బరువు ప్రిన్సిపల్ మీదే కదా. వరుస మాత్రం తిరగబడింది: తెలుగులో బరువున్న మాట చివర్లో, ఇంగ్లిష్‌లో మొదట్లో. అనువదించేటప్పుడు వరుస అలాగే ఉంచేస్తే ప్రిన్సిపల్ గారు వెనక్కి పోతారు.

ఐదో మెట్టు: వాక్యానికి వాక్యాన్ని కలపడం

ఇక మా అమ్మాయి ఎస్‌ఓపీకి వద్దాం. మోరోవర్, ఫర్దర్‌మోర్ లాంటి ఈ గుంపుకు ఇంగ్లిష్ నిఘంటువులన్నీ దాదాపు ఒకే అర్థం ఇస్తాయి, అందుకే మనం ఏది చేతికందితే అది వాడతాం. కానీ తెలుగులో మనం ‘పైగా’, ‘అదీగాక’, ‘దీనికి తోడు’, ‘దీంతోపాటు’ల్ని అలా కలిపేయం. ఆ చెవినే ఇంగ్లిష్‌కూ వాడుకోవాలి.

మోరోవర్ మన ‘పైగా’. ముందు చెప్పినదానికన్నా వెనక చెప్పేది బరువుగా ఉండాలి, అదే దిక్కుకు తోయాలి. ‘ఇల్లు ఆఫీసుకు దూరం. పైగా నీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి.’ రెండూ ఇల్లు వద్దనడానికే, రెండోది ఇంకా గట్టిగా. తేలికైన సంగతి వెనక పెట్టి మోరోవర్ అంటే, పెద్ద డప్పు కొట్టి చిన్న బొమ్మ చూపించినట్టవుతుంది.

బిసైడ్స్ వాక్యం మొదట్లో వస్తే ‘అదీగాక’, ‘అయినా’. ఇది మాటల్లో పుట్టింది, కాస్త చనువున్నది. దీనిలో గమ్మత్తేమిటంటే, ఏదో చివర్లో గుర్తొచ్చినట్టు చెబుతాం గానీ అసలు కారణం తరచూ దాని వెనకే ఉంటుంది. ‘పెళ్లికి రాలేనే, సెలవు దొరకలేదు. అదీగాక, వాళ్లు పిలిచిన తీరేం బాగాలేదు.’ సెలవు వంక. పిలిచిన తీరే కారణం. బిసైడ్స్ ఇలాంటి చోట చక్కగా అమరుతుంది. ప్రాజెక్టు రిపోర్టులో అమరదు.

ఫర్దర్‌మోర్ వాదనలో ఇంకో అడుగు. బరువు పెరగాల్సిన పని లేదు, ముందుకు నడవాలి. కోర్టు తీర్పుల్లో, పరిశోధన పత్రాల్లో దీనిల్లు ఉంది. మెయిల్లో వాడితే నల్లకోటు వేసుకుని కూరగాయలకు వెళ్లినట్టుంటుంది.

ఇన్ అడిషన్, అడిషనల్లీ రెండూ రంగులేనివి. జాబితాలో తర్వాతి వస్తువు, అంతే. మన ‘దీంతోపాటు’. కంపెనీ ప్రకటనల్లో, యూజర్ మాన్యువల్‌లో బాగుంటాయి.

ఆన్ టాప్ ఆఫ్ దట్ అంటే ‘దీనికి తోడు’. ఎక్కువగా కష్టాలు పేరుస్తున్నప్పుడు వస్తుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడుతోందంటే అది ఆన్ టాప్ ఆఫ్ దట్. బండి ఆగిపోయింది, ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, ఆన్ టాప్ ఆఫ్ దట్ వాన మొదలైంది.

ప్లస్ వాక్యం మొదట్లో వస్తే అది చాటింగ్ భాష. ‘ఇట్స్ చీప్. ప్లస్, ఇట్స్ నియర్ ది మెట్రో.’ స్నేహితులకు హాయిగా రాయండి, ఎస్‌ఓపీలో వద్దు. లాటిన్‌లో ప్లస్ అంటే ‘ఎక్కువ’ అని అర్థం. ఆ కూడిక గుర్తు అచ్చులో మొదట కనిపించింది యోహానెస్ విడ్‌మన్ అనే జర్మన్ పండితుడు 1489లో లైప్‌జిగ్‌లో వేసిన వ్యాపార లెక్కల పుస్తకంలో.

మోరోవర్, ఫర్దర్‌మోర్ లాంటివాటిని వాక్యం మధ్యలో కామా పెట్టి అతికించకండి. ‘ది హాల్ ఈజ్ స్మాల్, మోరోవర్ ఇట్ హ్యాజ్ నో పార్కింగ్’ తప్పు. ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పెట్టాలి, వెనక కామా.

ఇప్పుడు అసలు సంగతి. ఎస్‌ఓపీలోని పేరా ఒకటి ఇలా ఉంది: ‘ఐ కంప్లీటెడ్ మై బీటెక్ విత్ గుడ్ గ్రేడ్స్. మోరోవర్, ఐ డిడ్ యాన్ ఇంటర్న్‌షిప్ ఇన్ మై థర్డ్ ఇయర్. ఫర్దర్‌మోర్, ఐ ప్లే చెస్. ఇన్ అడిషన్, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్.’

దాన్ని ఫోన్‌లోనే తెలుగులో చదివి వినిపించాను. ‘మంచి మార్కులతో బీటెక్ పూర్తిచేశాను. పైగా ఇంటర్న్‌షిప్ చేశాను. అంతేకాక చెస్ ఆడతాను. దీంతోపాటు మా నాన్న రైతు.’ చివరి వాక్యానికి పకపకా నవ్వింది.

‘మరి నాన్న సంగతి అక్కడెందుకు రాశావే?’ అని అడిగాను. చెప్పింది. ఇంటర్న్‌షిప్‌లో మిరప ఆకుల ఫొటోలు చూసి తెగులును గుర్తుపట్టే ప్రోగ్రామ్ మీద పనిచేసిందట. ఫొటోలు వేరుచేసే మనిషి కావాలంటే తనే ముందుకు వెళ్లిందట, మా బావగారు మిర్చి పండిస్తారు కాబట్టి, బొబ్బర తెగులు ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూసింది కాబట్టి. ఆ రెండింటి మధ్య ఉన్నది ఇన్ అడిషన్ కాదు, సో. పేరా ఇలా మారింది: ‘ఐ గ్రూ అప్ ఆన్ ఎ చిల్లీ ఫామ్, సో వెన్ మై ఇంటర్న్‌షిప్ టీమ్ నీడెడ్ సమ్‌వన్ టు సార్ట్ ఫొటోస్ ఆఫ్ డిసీజ్డ్ లీవ్స్, ఐ వాలంటీర్డ్.’ చెస్ ఎగిరిపోయింది. మార్కులు మార్కుల జాబితాలో ఎలాగూ ఉంటాయి.

నేను కొట్టేసిన పదమూడింటిలో చాలావరకు ఇలాంటివే. రాసేవాళ్లకు రెండు సంగతుల మధ్య బంధం ఏమిటో ఇంకా తేలనప్పుడు చేయి మోరోవర్ వైపు పోతుంది. అది ‘అందుకే’ కావచ్చు, ‘అప్పుడే’ కావచ్చు, ఒక్కోసారి ‘కానీ’ కూడా కావచ్చు. కాబట్టి పద్ధతి ఇది: ప్రతి చేరిక మాటనూ కొట్టేసి, వాక్యం అలాగే నిలబడుతుందేమో చూడండి. నిలబడితే వదిలేయండి. పడిపోతే, పట్టుకోవాల్సింది ఏ మాటో తెలుగులో మీకు మీరే పైకి చెప్పుకోండి.

విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లకు ఇందులో మార్కుల లెక్క కూడా ఉంది. రైటింగ్‌లో నాలుగు ప్రమాణాల్లో కొహీరెన్స్ అండ్ కొహీజన్ ఒకటి, అంటే పాతిక శాతం. దాని ఆరో బ్యాండ్ (మార్కుల స్థాయి) వర్ణనలో, కలిపే మాటలు యాంత్రికంగా ఉండవచ్చన్న అర్థంలో మెకానికల్ అనే మాటే ఉంది. ప్రతి పేరా నెత్తిన ఫర్దర్‌మోర్ పెడితే మీరు బ్యాండ్ పెంచుకోవడం లేదు, ఆరు దగ్గర తిష్ఠ వేస్తున్నారు.

ఆరో మెట్టు: ఇంకా, ఇంకో, కొసరు

అన్నం దగ్గర కూర్చుంటే ఇది తేలిపోతుంది. ‘ఇంకొంచెం అన్నం’ సమ్ మోర్ రైస్. ‘ఇంకో గారె’ అనదర్ వడ. మోర్ అదే వస్తువు మరికాస్త. అనదర్ విడిగా లెక్కపెట్టగలిగేది మరొకటి. అనదర్ వెనక అంకె కూడా వస్తుంది: అనదర్ టూ డేస్, మరో రెండు రోజులు. మారు వడ్డించమనడానికి ‘ఎక్స్‌ట్రా రైస్’ అనకండి; ఎక్స్‌ట్రా అంటే లెక్కకు మించినది, హోటల్లో అయితే బిల్లులో విడిగా పడేది.

కూరగాయలమ్మ కిలో తూచాక పైన వేసే రెండు వంకాయల్ని మనం కొసరు అంటాం. ఇంగ్లిష్‌లో దానికి రోజువారీ వాడుకలో ఒక్క మాట లేదు. ‘షీ త్రూ ఇన్ టూ ఎక్స్‌ట్రా’ అని త్రో ఇన్‌తో సర్దుకోవాలి.

అడిషనల్ ఎక్స్‌ట్రాకు ఆఫీసు రూపం. అందుకే అదనపు కలెక్టర్ అడిషనల్ కలెక్టర్ అవుతారు గానీ ఎక్స్‌ట్రా కలెక్టర్ కారు. అయితే బ్రిటిష్ కాలంలో ఎక్స్‌ట్రా అసిస్టెంట్ కమిషనర్ అన్న హోదా నిజంగానే ఉండేది. అప్పటి చెవికి అది వింతగా లేదన్నమాట. ఫర్దర్ ఎక్కువగా కంటికి కనబడని వాటికి: ఫర్దర్ డీటెయిల్స్, ఫర్దర్ డిలే.

ఏడో మెట్టు: జతచేయడం, చివర తగిలించడం, లోటు పూడ్చడం

మెయిల్‌కు ఫైల్ పెడితే అటాచ్డ్. కవరులో కాగితం పెడితే ఎన్‌క్లోజ్డ్. ప్రభుత్వ ఉత్తర్వు వెనక ‘అనుబంధం’ అని వచ్చేది అనెక్షర్. మెయిల్లో ‘ఎన్‌క్లోజ్డ్’ అని రాస్తే కొంప మునగదు గానీ, కవరెక్కడని వెతుక్కోవాలి.

అపెండ్ అంటే చివర్న చేర్చడం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు దీని బుద్ధి బాగా తెలుసు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు అంకెలున్న లిస్టుకు మరో రెండంకెల లిస్టును అపెండ్ చేస్తే మొత్తం మూడు అవుతాయి, నాలుగు కాదు. చేర్చే లిస్టును టిఫిన్ క్యారియర్ అనుకోండి. అపెండ్ ఆ క్యారియర్‌ను మూత తీయకుండా అలాగే వరుసలో పెడుతుంది. ఎక్స్‌టెండ్ మూత తీసి గిన్నెలు విడివిడిగా పేరుస్తుంది, అప్పుడు నాలుగవుతాయి. ఇంగ్లిష్ ఇంత కచ్చితంగా ఉండి ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేకపోయేది.

నియామక నోటిఫికేషన్ల వెనక వచ్చే రెండు కాగితాలనూ కలపకండి. అడెండమ్ అంటే కొత్తగా చేర్చినది. కొరిజెండమ్ అంటే తప్పు దిద్దినది. పోస్టులు పెరిగితే మొదటిది, తేదీ తప్పు పడితే రెండోది.

సప్లిమెంట్ లోటు పూడుస్తుంది, కాంప్లిమెంట్ నిండు చేస్తుంది. ఇంటర్ తప్పినవాళ్లు రాసే సప్లిమెంటరీ ఎందుకు సప్లిమెంటరీ అయిందో ఇక అడగక్కర్లేదు. డాక్టరు రాసిన ఐరన్ మాత్ర సప్లిమెంట్. ముద్దపప్పుకు ఆవకాయ మాత్రం కాంప్లిమెంట్. పప్పులో లోటేమీ లేదు, ఆవకాయతో అది పూర్తవుతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగు మధ్యలో ‘ఈ’ అక్షరం బదులు ‘ఐ’ పడితే అది పొగడ్త అయిపోతుంది. హోటల్లో ‘కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్’లో ఉండేది ఆ ఐయే: మర్యాదకు పెట్టేది, ఉచితం.

చివరగా యాడ్ అప్. అంకెలు కూడితే యాడ్ అప్. ‘ఇట్ డజంట్ యాడ్ అప్’ అంటే మాత్రం కూడిక కాదు, వాడు చెప్పేది ఎక్కడో లెక్క కుదరడం లేదని. దీని తర్వాత టు వస్తే మొత్తం ఎంతయిందో చెప్పాలి: ది బిల్స్ యాడ్ అప్ టు 4,000 రుపీస్.

తా.క. ఎట్సెట్రా ముందు అండ్ పెట్టకండి. లాటిన్‌లో ఎట్ అంటేనే ‘మరియు’. ‘అండ్ ఎట్సెట్రా’ అంటే ‘మరియు మరియు మిగతావి’ అవుతుంది. కంప్యూటర్ మీద మెలితిరిగిన అండ్ గుర్తు కూడా ఆ ఎట్‌లోని రెండక్షరాలు కలిసిపోగా ఏర్పడిందే.